రాత్రి డ్యూటీ నర్సు చేతిలో రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి

దేవరకొండ, అచ్చంపేట వంటి ఊళ్ల సర్కారు దవాఖానలకు అర్ధరాత్రి ఫిట్స్‌తో వచ్చిన పసిబిడ్డను తల్లి ఒడిలోంచి మొదట అందుకునేది నర్సే. పిల్లల డాక్టరు ఫోనులో దొరికేలోపు ఆమె బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, రక్తంలో చక్కెర చూస్తుంది. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ఆపే మందు వెంటనే ఇవ్వాలని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ మందు అల్మారాలోనే ఉన్నా, ఇవ్వమని రాసేవారు లేక ఆమె చేయి ఆగిపోతుంది. ఇచ్చాక ఏదైనా తేడా వస్తే తప్పు ఆమె మీదే పడుతుంది.

పాలమూరు చేలల్లో తేలు కుట్టిన పిల్లల సంగతి ఇంకా తీవ్రమైనది. నొప్పి సంగతి అలా ఉంచితే, ఒళ్లంతా చెమటలు పట్టి, వాంతులై, కాళ్లూ చేతులూ చల్లబడితే విషం గుండె మీద పనిచేస్తున్నట్టు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఏళ్ల తరబడి చేసిన కృషి వల్ల, ఈ స్థితిలో కిలో బరువుకు 30 మైక్రోగ్రాముల ప్రజోసిన్ ప్రాణం నిలుపుతుందని తెలిసింది. అది తక్కువ ఖరీదు మాత్ర. ఆ లక్షణాలను గుర్తుపట్టడం అనుభవమున్న నర్సుకు కష్టం కాదు. అలాంటప్పుడు మొదటి మోతాదు కోసం బిడ్డ 60 కిలోమీటర్లు అంబులెన్స్‌లో ఎందుకు పోవాలి?

డాక్టరు దొరికేలోపు మొదటి మోతాదు ఇచ్చేలా నర్సుకు ముందుగానే రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. పెద్దాసుపత్రికి పంపేముందు, ఇన్ఫెక్షన్ సోకిన చంటిబిడ్డకు జెంటామైసిన్ మొదటి ఇంజెక్షన్ ఇచ్చే అనుమతిని కేంద్రం 2014లోనే ఏఎన్ఎంలకు ఇచ్చింది. కాన్పుల విషయంలో మన రాష్ట్రమే ముందడుగు వేసి, 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కాన్పు దగ్గర ఉంచిన నమ్మకాన్ని పిల్లల అత్యవసర చికిత్స దగ్గర ఎందుకు ఆపేశామో నాకు అర్థం కాదు.

డాక్టర్ల అభ్యంతరంలోనూ నిజం ఉంది. పిల్లల మందు బరువును బట్టి మారుతుంది, దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. అందుకే బరువుల వారీగా మిల్లీలీటర్లలో లెక్కగట్టిన పట్టిక గోడమీద ఉండాలి, ఇద్దరు చూసుకున్నాకే మందు ఎక్కించాలి, మూడు నెలలకోసారి బొమ్మ మీద సాధన చేయించాలి. ఒక్క నర్సే ప్రసూతి వార్డునూ క్యాజువాల్టీనీ చూసుకునే చోట మాత్రం ముందు రెండో నర్సును నియమించాలి, ఆ తర్వాతే కొత్త బాధ్యత అప్పగించాలి. ఆ పట్టిక కింద సూపరింటెండెంట్ సంతకంతో పాటు, దాని ప్రకారం నడుచుకున్న నర్సుకు శాఖ అండగా నిలుస్తుందన్న వాక్యం కూడా రాసి ఉండాలి.