ముఖ్యమంత్రి కార్లు ఆగితే తప్ప కదలరా?

మధ్యప్రదేశ్‌లోని రత్లాం దగ్గర ముఖ్యమంత్రి మోహన్ యాదవ్ కాన్వాయ్‌లోని 19 కార్లు డీజిల్ పోయించుకున్న కాసేపటికే వరసగా మొరాయించాయి. ట్యాంకులు ఖాళీ చేయిస్తే డీజిల్‌తో పాటు నీళ్లొచ్చాయి. అధికారులు అప్పటికప్పుడు బంకుకు పరిగెత్తి సీల్ వేశారు. ఇండోర్ నుంచి వేరే కార్లు తెప్పించారు. అదే బంకులో డీజిల్ పట్టించుకున్న ఒక లారీ కూడా దారిలో ఆగిపోయిందని వార్తల్లో వచ్చింది. ఆ లారీ డ్రైవరు ఒక్కడే వెళ్లి ఫిర్యాదు చేసి ఉంటే బంకుకు ఆ రాత్రి సీల్ పడేదా?

సీల్ వేయడం తప్పని మేము అనడం లేదు. అంత చురుకుదనం సామాన్యుడి ఫిర్యాదుకు ఎందుకు రాదన్నదే మా ప్రశ్న. వానలు మొదలైతే చాలు, బంకుల్లో డీజిల్‌కు బదులు నీళ్లు వచ్చాయన్న గొడవలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా చూస్తూనే ఉన్నాం. దమ్ము చేసే ట్రాక్టరు, వరికోత మిషను, భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీది జనరేటరు, అన్నీ డీజిల్ మీదే నడుస్తాయి. కరెంటు పోయిన రాత్రి ఆ జనరేటరు మొండికేస్తే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగి, తెల్లారేసరికి రైతు పెట్టుబడి మొత్తం చెరువులోనే పోతుంది. అతని కోసం ఇండోర్ నుంచి ఎవరూ ఏమీ పంపరు.

డీజిల్ ఎలా ఉండాలో చట్టానికి బాగా తెలుసు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) ఇంధనమే అమ్మాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం అందులో సల్ఫర్ 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 10 పాళ్లు, దాటకూడదు. అంతకుముందు బీఎస్-4లో ఇది 50 దాకా ఉండేది. సీటేన్ నంబరు 51కి తగ్గకూడదు. ఇంజిన్‌లో డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే లెక్క అది. తగ్గితే పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్, టకటకమనే చప్పుడు, పొగ. నీరు కిలోకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. ఇప్పటి ఇంజిన్లలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల రంధ్రాలు వెంట్రుక మందంతో పోల్చదగినంత సన్నవి, నీటి చుక్క వాటికి విషం. ఇంజెక్టరు పోతే షోరూం వాళ్లు ‘డీజిల్ బాగోలేదు, వారంటీ రాదు’ అంటారు. బంకు వాళ్లు ‘మా సరుకు బాగానే ఉంది’ అంటారు. మధ్యలో బిల్లు కట్టేది బండి యజమాని.

ఇన్ని ప్రమాణాల్లో కొనేవాడి కంటికి కనిపించేది ఒక్క డెన్సిటీ (సాంద్రత) మాత్రమే. అదీ అతనికి అర్థమయ్యేలా ఉండదు. 15 డిగ్రీల దగ్గర అది ఘనపు మీటరుకు 810 నుంచి 845 కిలోల మధ్య ఉండాలి. మన ఎండకు 35 డిగ్రీల దగ్గర కొలిస్తే అదే డీజిల్ దాదాపు 14 పాయింట్లు (కిలోలు) తక్కువ చూపిస్తుంది. పట్టికలో చూసి సరిచేస్తే తప్ప ఆ అంకెతో లాభం లేదు. పైగా కిరోసిన్ కొంత కలిపినా మొత్తం డెన్సిటీ ఆ హద్దులు దాటకపోవచ్చు. ట్యాంకరుతో వచ్చిన చలానాలోని అంకెకూ ట్యాంకులోని అంకెకూ తేడా 3 పాయింట్లు దాటిందా అన్నదే అసలు పరీక్ష. ఆ చలానా బంకు ఆఫీసు గదిలో ఫైల్లో ఉంటుంది. ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగొచ్చని చాలామంది చెబుతుంటారు. అది పెట్రోలుకే పనికొస్తుంది, ఎంత మంచి డీజిలైనా కాగితం మీద మరక వదులుతుంది. డెన్సిటీ కొలిచే హైడ్రోమీటరు, థర్మామీటరు, జాడీ తెప్పించి డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మాత్రం కొనేవాడికి ఉంది. వెనక పది బండ్లు హారన్ కొడుతుంటే ఎంతమంది అడగగలరు?

సీటేన్ సంగతి మరీ అన్యాయం. పెట్రోలు నాణ్యత లెక్క ఆక్టేన్. 2020 చివర్లో వచ్చిన 100 ఆక్టేన్ పెట్రోలుకు ఆ అంకే పేరైంది. అదే ‘ప్రీమియం’ డీజిల్‌కు లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ తీసుకుంటూ, సీటేన్ ఎంతో పంపు మీద కనపడేలా రాయరు. ఆ నంబరు కొలవాలంటే ల్యాబ్‌లో ప్రత్యేక ఇంజిన్ కావాలి. అంటే కొనేవాడు నమ్మడం తప్ప చేయగలిగింది లేదు. అంకె చెప్పకుండా ఎక్కువ ధర అడిగే హక్కు ఆయిల్ కంపెనీలకు ఎవరిచ్చారు? యూరప్‌లో 2018 అక్టోబరు నుంచి డీజిల్ నాజిల్ మీద చదరపు గుర్తులో బీ7 అని రాస్తున్నారు, బయోడీజిల్ (మొక్కల నూనెల లాంటివాటితో చేసే ఇంధనం) 7 శాతం దాకా ఉండొచ్చని దానర్థం. మన ప్రమాణమూ 7 శాతం దాకా ఒప్పుకుంటుంది. మన బంకులో ఆ మాట ఎక్కడ కనిపిస్తుంది?

భారీ వానకు ట్యాంకులోకి నీళ్లు దిగితే మేమేం చేస్తామని డీలర్లు, మొబైల్ ల్యాబులు తిరుగుతూనే ఉన్నాయని కంపెనీలు అంటాయి. నిజాయతీగా నడిపే బంకులు చాలానే ఉన్నాయి. కానీ డిప్ రాడ్డుకు పేస్టు రాసి ట్యాంకు అడుగుకు దించితే నీరున్నంత మేర రంగు మారుతుంది. నిమిషం పని. రోజూ పొద్దున అది నిజంగా చేస్తే నీళ్లు నాజిల్ దాకా ఎలా వస్తాయి?

చట్టం లేక కాదు, కల్తీని అడ్డుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్న అధికారులూ ఉన్నారు. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో కల్తీ బంకు మీద చర్య తీసుకున్నందుకు ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్ షణ్ముగంను చంపేశారు. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర ఇంధన మాఫియా అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను సజీవంగా తగలబెట్టింది. కల్తీని ఆపేందుకే 2005 చివర్లో ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. శాంపిళ్లు తీసే, సీజ్ చేసే అధికారాలన్నీ అందులో ఉన్నాయి. వాటిని వాడటానికి ముఖ్యమంత్రి కారు ఆగేదాకా ఎదురుచూస్తున్నారు.

బంకు బిల్లు మీద లీటర్లు, ధర, టైము, నాజిల్ నంబరు అచ్చవుతూనే ఉన్నాయి. చలానా డెన్సిటీ, ఆ పూట సరిచేసిన డెన్సిటీ కూడా అచ్చు వేయండి. ప్రీమియం అని పేరు పెట్టిన ప్రతి పంపు మీద సీటేన్ అంకె రాయండి. ఫిర్యాదు వచ్చిన రోజే శాంపిల్ తీసి, ల్యాబ్ రిపోర్టు కాపీ ఫిర్యాదుదారుడి చేతిలో పెట్టండి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల పౌర సరఫరాల శాఖలు ఈ వానాకాలంలోనే మొదలుపెట్టొచ్చు. ఎన్ని బంకుల్లో తనిఖీ చేశారో, ఎన్ని శాంపిళ్లు ఫెయిలయ్యాయో జిల్లాలవారీగా బయటపెట్టడానికి అధికారులకు అడ్డమేమిటో ముందు జవాబు చెప్పాలి.