ఒప్పందం స్మార్టే.. మరి సాక్షి సంగతి?

2019 జూన్‌లో సింథెటిక్స్ అనే క్రిప్టో వేదిక మీద దక్షిణ కొరియా కరెన్సీ ‘వాన్’ విలువ ఉన్నట్టుండి వెయ్యి రెట్లు పెరిగిపోయింది. సియోల్‌లో మాత్రం ఏమీ జరగలేదు. ధరలు అందించే డేటా సర్వీసు ఒకటి తప్పు అంకె పంపింది, అంతే. స్మార్ట్ కాంట్రాక్ట్ ఆ అంకెను కళ్లకద్దుకుంది. కాచుక్కూర్చున్న ఒక ట్రేడింగ్ బాట్ (తనంతట తానే కొనీ అమ్మే ప్రోగ్రామ్) 3.7 కోట్లకు పైగా సింథెటిక్ ఈథర్ టోకెన్లు (ఈథర్ అనే క్రిప్టో కరెన్సీ ధరను అనుకరించేవి) మూటగట్టుకుంది. చివరికి బాట్ యజమానిని బతిమాలి, బహుమతి ఇస్తామని ఒప్పించి లావాదేవీలను వెనక్కి తిప్పించుకున్నారు. ‘కోడే చట్టం’ అని చాటుకునేవాళ్ల లోకంలో పని జరిగింది బేరసారాలతో!

స్మార్ట్ కాంట్రాక్ట్ గురించి కొత్తగా చెప్పేదేముంది? బ్లాక్‌చెయిన్ మీద, అంటే వేల కంప్యూటర్లు ఉమ్మడిగా రాసుకునే ఖాతా పుస్తకం మీద నడిచే చిన్న ప్రోగ్రామ్. షరతు నెరవేరితే డబ్బు కదులుతుంది, లేకపోతే కదలదు. 1990లలోనే నిక్ సాబో అనే కంప్యూటర్ నిపుణుడు దీన్ని నాణెం వేస్తే సరుకు పడే వెండింగ్ మెషీన్‌తో పోల్చాడు. పోలిక బాగుంది. కానీ ఆ మెషీన్ తన లోపల పడ్డ నాణేన్ని తానే తడిమి చూసుకోగలదు. ‘నిన్న అనంతపురంలో వాన పడిందా?’ అని అడిగితే దానికేం తెలుస్తుంది?

స్మార్ట్ కాంట్రాక్ట్‌కూ తెలియదు. నెట్‌లో చూసుకోవచ్చు కదా అంటారా? కుదరదు. ఒకే ప్రోగ్రామ్‌ను వేల కంప్యూటర్లు ఎవరికి వారు నడిపి, అందరికీ ఒకే జవాబు వస్తేనే ఆ లావాదేవీ చెల్లుతుంది. ఒకరు పదింటికి, ఇంకొకరు పదీ ఐదుకి వాతావరణ వెబ్‌సైట్ తెరిస్తే రెండు జవాబులు వస్తాయి, లెక్క తెగదు. అందుకే బయటి కబురును ఎవరో ఒకరు తెచ్చి చెయిన్ మీద రాయాలి. ఆ రాసేదే ఒరాకిల్. (డేటాబేస్ కంపెనీకీ దీనికీ సంబంధం లేదు.) ఇంగ్లిష్‌లో ఆ మాటకు దేవవాణి పలికేవాళ్లని అర్థం. మన బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెబుతారే, అలాగన్నమాట. చెప్పినది విని తల ఊపాల్సిందే, ఎదురు ప్రశ్న ఉండదు.

నా పేచీ ఇక్కడే. ‘ఎవరినీ నమ్మనక్కర్లేదు’ అని ఈ సాంకేతికతను పదేళ్లుగా అమ్ముతున్నారు. నమ్మకం ఎక్కడికీ పోలేదు. బ్యాంకు మేనేజర్ బల్ల మీద నుంచి లేచి ఒరాకిల్ బల్ల మీద కూర్చుంది.

2022 అక్టోబరులో మ్యాంగో మార్కెట్స్ అనే క్రిప్టో వేదికలో జరిగింది ఇంతకన్నా ముచ్చటైన కథ. ఆవ్రహాం ఐసెన్‌బర్గ్ అనే ట్రేడర్ రెండు ఖాతాల్లో చెరో 50 లక్షల డాలర్లు వేశాడు. ఒక ఖాతాతో మ్యాంగో టోకెన్ ధర పడుతుందని పందెం కాశాడు, రెండోదానితో పెరుగుతుందని తానే ఎదురు పందెం కాశాడు. ఆ తర్వాత బయట, పెద్దగా బేరాల్లేని ఎక్స్‌ఛేంజీల్లో అదే టోకెన్‌ను ఎగబడి కొన్నాడు. నాలుగు సెంట్లు కూడా లేని సరుకు కాసేపట్లో 90 సెంట్ల దాకా ఎగిరింది. రెండో ఖాతాలో కాగితపు లాభం కొండలా పెరిగింది. ఆ కొండను తాకట్టు పెట్టి సుమారు 11 కోట్ల డాలర్లు ‘అప్పు’ తీసుకున్నాడు. తర్వాత బేరం కుదిరి 6.7 కోట్లు తిరిగిచ్చాడనుకోండి.

ఇందులో ఒరాకిల్ అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన బజారులో ధర అంతే, అదే చెప్పింది. ఆ బజారునే ఒక మనిషి జేబులో పెట్టుకున్నాడని చెప్పడం దాని పని కాదు. 2024 ఏప్రిల్‌లో జ్యూరీ అతన్ని దోషి అంది, 2025 మేలో జడ్జి ఆ తీర్పును కొట్టేశారు. కోర్టుకే ఇంత మీమాంస ఉన్న విషయాన్ని పది లైన్ల కోడ్ తేల్చేస్తుందా?

చెయిన్‌లింక్ లాంటి వ్యవస్థలు వచ్చాయి కదా అని వాదించేవాళ్లున్నారు. ఒక్కరి మాట కాకుండా చాలామంది దగ్గర ధర అడిగి, మధ్యలో ఉన్న అంకెను తీసుకుంటాయి. ఒకరిద్దరు తప్పు చెప్పినా ఫలితం మారదు. నిజమే, ఇది మెరుగే. ధరల వరకు పనికొస్తుంది, కాదనను. కానీ పది మంది సాక్షులూ ఒకే కిటికీలోంచి చూసి చెబితే అది పది సాక్ష్యాలు అవుతుందా?

పైగా ధర అనేది తేలికైన ప్రశ్న. విమానం ఆలస్యమైందా అన్నదీ తేలికే. 2017లో ఆక్సా బీమా కంపెనీ ‘ఫిజీ’ పేరుతో, విమానం రెండు గంటలు ఆలస్యమైతే క్లెయిమ్ అడగకుండానే డబ్బు వేసే పాలసీ తెచ్చి, 2019లో ఆపేసింది. విమానం ఎప్పుడు దిగిందో లోకమంతా చూస్తుంది. మరి పంట బీమా? మండల కేంద్రంలో వానమాపకం పెడతాం. గట్టుకు అటు వాన, ఇటు ఎండ. చేను ఎండినా కాంట్రాక్ట్ దృష్టిలో వాన పడ్డట్టే, రైతుకు పైసా రాదు. దీనికి బ్లాక్‌చెయిన్ ఎందుకు, ఇంకో నాలుగు వానమాపకాలు పెడితే పోలా?

భూముల దగ్గరికి వస్తే నాకు అసలు టెన్షన్ మొదలవుతుంది. 2017లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూ రికార్డులను బ్లాక్‌చెయిన్ ఎక్కిస్తామంది. ‘ఒకసారి రాస్తే ఎవరూ మార్చలేరు’ అన్న మాటకు చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఆ ఒకసారి రాసేదెవరని అడగలేదు. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు, ఆంధ్రలో రీసర్వే అన్నారు. ఏది చేసినా పొలం గట్టు మీదికి వెళ్లి, చూసి, రాసే మనిషి ఒకడు కావాలి. మన ఊళ్లలో ఒరాకిల్ అతనే. అతని జీతం, శిక్షణ, అతని మీద వచ్చే ఒత్తిళ్ల గురించి ఏ టెక్నాలజీ సదస్సులోనూ మాట్లాడరు.

మా మేనమామ పాస్‌బుక్‌లో 2.10 అని ఉండేది. తెలంగాణ లెక్కలో రెండెకరాల పది గుంటలు. ఒక ఆఫీసులో లోన్ కోసం కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు దాన్ని రెండెకరాల పది సెంట్లుగా చదివారు. పది గుంటలంటే ఇరవై ఐదు సెంట్లు. అంకె మారలేదు, పదిహేను సెంట్ల నేల మాత్రం మాయమైంది. క్రిప్టోలోనూ ఇదే తంటా ఉంది. ఒకరు చుక్క తర్వాత 8 స్థానాలు లెక్కేస్తారు, ఇంకొకరు 18. సరిచూసుకోకపోతే ఖజానా ఖాళీ.

మామ పద్నాలుగు నెలలు తిరిగాడు. చివరికి ఒక గుమాస్తా పాత కాగితాలన్నీ బయటికి తీసి, ఎర్ర ఇంకుతో ‘గుంటలు’ అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, పక్కన సంతకం పెట్టాడు.