లేనందుకు ఫైన్, ఫైన్ మీద జీఎస్టీ

బ్యాంకు మీద నాకు కోపం లేదు. ముందే చెప్పేస్తున్నాను. మన దగ్గర డబ్బు లేదన్న సంగతి మనకంటే ముందే కనిపెట్టి, తెల్లవారకముందే మెసేజ్ పెట్టి, ఆ కష్టానికి కూలీ కూడా మన అకౌంట్లోంచే తీసుకునే సంస్థ మీద కోపం ఎలా వస్తుంది చెప్పండి. నా దగ్గర ఎంత ఉందో ఇంట్లోవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా చూడరు.

నా జీతం 7న పడుతుంది. ఫోన్ ఈఎంఐ 5న పోతుంది. నా ఆర్థిక వ్యవస్థ మొత్తం ఈ రెండు రోజుల సందులో ఇరుక్కుని ఉంది. మొన్న 5న ఈఎంఐ రూ.1,499 అయితే అకౌంట్లో ఉన్నది రూ.1,460. తక్కువ పడింది 39 రూపాయలు. ఆ 39 ఎవరినడిగినా ఇచ్చేవాళ్లే, కానీ తక్కువైందని నాకు తెలిసేసరికి బౌన్స్ అయిపోయింది. పొద్దున్నే ఫోన్ టింగుమంది. ఆటో డెబిట్ రిటర్న్ ఛార్జీ రూ.250, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.45, మొత్తం 295. పది నిమిషాల్లో ఫోన్‌కి అప్పిచ్చిన కంపెనీ నుంచి ఇంకో టింగు, బౌన్స్ పెనాల్టీ రూ.500. ఒకే తప్పుకి రెండు చోట్ల శిక్ష. ఆ జీఎస్టీ దగ్గర మాత్రం కాస్త ఆగాను. జీఎస్టీ వేశారంటే ఇది సేవ అన్నమాట. నా ఈఎంఐ కట్టకుండా వెనక్కి పంపడం అనే సేవ.

6న ఏటీఎంకి వెళ్లి 1,200 కొట్టాను. 295 పోయాక మిగిలింది 1,165 అన్నది ఆ హడావిడిలో మర్చిపోయాను. మెషిన్ కాసేపు గరగరలాడి, బ్యాలెన్స్ చాలదని చీటీ ఇచ్చింది. చీటీ ఫ్రీ అనుకున్నాను, కాదు. రూ.20 ప్లస్ జీఎస్టీ, 23 రూపాయల 60 పైసలు. ఈ దేశంలో చివరిసారి ఎవరైనా 60 పైసలు లెక్కపెట్టి పుచ్చుకోవడం ఎప్పుడు చూశారు మీరు? 7న పొద్దున కంపెనీవాళ్లు మళ్లీ డెబిట్ కొట్టారు, జీతమేమో సాయంత్రం పడింది. మళ్లీ 295.

కూడితే 39 రూపాయల లోటుకి మూడు రోజుల్లో రూ.1,113.60. మా వీధి చివర నూటికి పది వడ్డీకి తిప్పే ఆయన ఉన్నాడు, ఊరంతా ఆయన్ని రక్తం తాగేవాడంటారు. ఆయన దగ్గర ఆ 39 తెచ్చుకుని ఉంటే నెలకి మూడు రూపాయల తొంభై పైసలు అయ్యేది. పైగా ఆయన ముందు డబ్బు చేతిలో పెడతాడు.

ఓవర్‌డ్రాఫ్ట్ అని ఒకటుంటుంది, మన డబ్బు చాలకపోతే బ్యాంకే సర్దుతుంది. అమెరికాలో ఇలా సర్దినందుకు ఒక్కోసారికి 35 డాలర్ల దాకా గుంజుతారని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. వాళ్లకి తెలియదుగానీ అది వైభోగం. వాళ్లకి ఇచ్చి కొడతారు, మనకి ఇవ్వకుండా కొడతారు. అలాగని మనకి అసలు లేదని కాదు. జన్‌ధన్ ఖాతాలో రూ.10,000 దాకా ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోవచ్చని 2018 నుంచి నిబంధన ఉంది. నేను కౌంటర్లో దాని పేరెత్తితే అవతలాయన నావైపు చూసిన చూపు, పెళ్లిలో రెండోసారి లడ్డూ అడిగినవాడి వైపు వడ్డించేవాడు చూసే చూపు.

ఇక మినిమం బ్యాలెన్స్. ఈ శాస్త్రాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరోగానీ, గుడి కట్టాలి. నెలంతా ఖాతాలో సగటున ఇంత ఉండాలంటారు, లేకపోతే ఫైన్. ఆ ఇంత అనేది 2,000 అనుకోండి. సగటు లెక్క వేస్తారు కాబట్టి 30 రోజుల నెలలో ఒక్క రోజు 60,000 ఉంచి మిగతా 29 రోజులు సున్నా పెట్టినా సగటు 2,000 వచ్చేస్తుంది, ఫైన్ పడదు. చక్కటి చిట్కా. ఒక్కరోజైనా 60,000 చూసేవాడికి ఈ చిట్కా అక్కర్లేదు, అంతే. రోజూ 1,800 కదలకుండా కాపాడుకున్నవాడు మాత్రం క్రమశిక్షణ లేనివాడు.

నిజానికి ఇదే సూత్రాన్ని మిగతా వృత్తులవాళ్లూ పాటించాలని నా మనవి. బట్టతలాయన షాపులోకి రాగానే కనీస జుట్టు నిల్వ లేనందుకు మంగలి రూ.100 ఫైన్ వేయాలి, ఆ ఫైన్ కింద ఉన్న నాలుగు వెంట్రుకలూ జమ కట్టుకోవాలి. జ్వరంతో వచ్చినవాడికి కనీస ఆరోగ్యం లేనందుకు డాక్టరు ఒక లంఖణం రాయాలి. ఎవరూ ఎందుకు చేయట్లేదంటే, వాళ్లెవరికీ బ్యాంకుల్లా షెడ్యూల్ ఆఫ్ ఛార్జెస్ అనే ఛార్జీల పట్టిక లేదు, పాపం.

ఇదేదో చిల్లర వ్యవహారం అనుకునేవాళ్లుంటారు. 2018 నుంచి ఐదేళ్లలో ప్రభుత్వ బ్యాంకులు, ఐదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి మినిమం బ్యాలెన్స్ లేదని వసూలు చేసింది రూ.21,000 కోట్ల పైన అని 2023లో కేంద్రమే పార్లమెంటుకి చెప్పింది. అదనంగా ఏటీఎం వాడినందుకు 8,000 కోట్ల పైన, మెసేజ్‌లు పంపినందుకు 6,000 కోట్ల పైన. అంటే డబ్బు లేదని వేసిన ఫైను వేరు, ఆ సంగతి మెసేజ్‌లో చెప్పినందుకు తీసుకున్నది వేరు. 2017లో స్టేట్ బ్యాంకు ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఇలా రాబట్టిన 1,771 కోట్లు, ఆ ఏడాది జులై-సెప్టెంబర్ లాభం కంటే ఎక్కువ. దేశంలో అతిపెద్ద బ్యాంకుకి పేదరికం అంత మంచి బిజినెస్. ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టె, లేనమ్మా ఉన్నమ్మకే పెట్టె అని మనవాళ్లు ఊరికే అనలేదు.

న్యాయంగా చెప్పుకోవాలి, అదే స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో ఈ ఫైను ఎత్తేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్ లాంటి ఇంకొన్ని ప్రభుత్వ బ్యాంకులూ ఎత్తేశాయి. అదే ఏడాది ఆగస్టులో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు పట్టణాల్లో కొత్త ఖాతాలకి మినిమం రూ.50,000 అని, జనం గోల చేస్తే 15,000కి దిగింది. 35,000 తగ్గించారని సంతోషించాం. నాకు 15,000 జీతం వస్తే కదా తేడా తెలిసేది.

రిజర్వ్ బ్యాంకు రూలు కూడా ఉంది, 2014 నవంబర్‌లో వచ్చింది, 2015 ఏప్రిల్ నుంచి అమలు. మినిమం తగ్గితే ముందు కబురు చెప్పాలి, సర్దుకోవడానికి నెల టైమివ్వాలి, ఫైను లోటుకి తగ్గట్టుగా ఉండాలి, ఫైన్ల వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. బంగారం లాంటి రూలు. మా బ్యాంకు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. నా పాత అకౌంట్లో బ్యాలెన్స్ సున్నా దగ్గరే ఆపి, మిగతా బాకీని పక్కన రాసి పెట్టుకుంది. ఎవరో 500 వేసినరోజు గాలిలోనే పట్టేసుకుంది. మైనస్ అనే మాటే లేదు చూడండి, ఎంత మర్యాదో.

మీకూ ఇలాగే అవుతుంటే ఒక పని చేయండి. బేసిక్ సేవింగ్స్ ఖాతా అని అడగండి, దానికి మినిమం ఉండదు, ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే. అడగండి అంటున్నానంటే, వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఫిర్యాదుకి బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాసుకోవచ్చు. ఉచితం అనే మాట ఈ వ్యాసంలో ఇక్కడొక్కచోటే వస్తుంది, కాబట్టి వాడుకోండి. బేసిక్ ఖాతా అయినా ఈఎంఐ బౌన్స్ ఛార్జీ మాత్రం తప్పదు, దానికి తారీఖే మార్చుకోవాలి.

నేనూ అదే చేద్దామని నిన్న ఫోన్‌కి అప్పిచ్చిన కంపెనీకి కాల్ చేశాను. పాట విని, ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, మళ్లీ పాట విన్నాక ఒకమ్మాయి దొరికింది. జీతం 7న పడుతుందమ్మా, ఈఎంఐ 10కి మార్చండి అన్నాను.

"తప్పకుండా సార్. డేట్ మార్చడానికి చిన్న ఛార్జీ ఉంటుంది సార్, మీరేం కట్టక్కర్లేదు, ఆటో డెబిట్‌లోనే పోతుంది."

"ఏ తారీఖున పోతుందమ్మా?"

"ఐదున సార్."