మిద్దెతోట కంటే ముందు వాన నీరు

నగరంలో స్వయం సమృద్ధి అనగానే అందరి మనసూ మిద్దెతోట మీదికే పోతుంది. నాకూ మొక్కలంటే ప్రాణం. అయినా మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు. నలుగురున్న ఇంటికి నెలకు పాతిక కిలోల బియ్యం కావాలి. ఏడాదికి సరిపడా వడ్లు ఒక పంటలో పండాలంటే సుమారు వెయ్యి గజాల మాగాణి ఉండాలి. ఏ డాబా మీదా అది కుదరదు. తోటకూర, బచ్చలి, కరివేపాకు, మిరప వరకైతే కొనుక్కోకుండా గడుస్తుంది.

నీటి లెక్క వేరు. హైదరాబాద్‌లో ఏటా సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద అది 80 వేల లీటర్లు. ఆవిరైనది, తొలి వానకు దుమ్ముతో పారబోసినది తీసేసినా 60 వేల లీటర్లు మిగులుతాయి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు! అంత నీటినీ వీధిలోకి వదిలేసి, నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి తోడి తెచ్చే కృష్ణా నీటి కోసం ఎదురుచూస్తాం. వాననీటిని ఒడిసిపట్టాలని నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లోనే తెచ్చిన వాల్టా చట్టం చెప్పింది. నేను చూసిన చాలా ఇళ్లలో ఇంకుడు గుంత ప్లాను కాగితం మీదే ఉంది. తవ్విన చోట పూడిక తీసే నాథుడు లేడు.

చెత్త సంగతి ఇంకా తేలిక. మా బాల్కనీలో చిల్లులు పెట్టిన పాత పెయింటు డబ్బాలు రెండున్నాయి. కూరగాయల తొక్కులు ఒక పొర, ఎండుటాకులు ఒక పొర, వారానికోసారి కాస్త పుల్లమజ్జిగ. తడి ఎక్కువైతే వాసన వస్తుంది. రెండు గుప్పెళ్ల ఎండుటాకులు వేస్తే తగ్గిపోతుంది. రెండు నెలలకు పిడికిట్లో పొడిపొడిగా రాలే నల్లటి ఎరువు చేతికొస్తుంది.

అసలు చిక్కు అపార్ట్‌మెంట్లది. అక్కడ డాబా అందరిదీ, తాళం మాత్రం అసోసియేషన్‌ది. ప్రభుత్వ ఆలోచన కూడా సొంతింటి చుట్టూనే తిరుగుతోంది. ఇంటి కప్పు మీద సౌర విద్యుత్తు కోసం 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో విడి ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల రూపాయల రాయితీ ఉంది. అపార్ట్‌మెంట్ ఉమ్మడి అవసరాలకు పెట్టుకుంటే 18 వేలే. ఎక్కువ కుటుంబాలు ఒకే కప్పు కింద ఉన్నచోట ప్రోత్సాహం తగ్గడం నాకు అన్యాయంగా తోస్తుంది. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాలు ఆ కరెంటుతోనే నడుస్తాయి కదా.

జూన్ వానల లోపు మా డాబా గొట్టాలను సంపులోకి మళ్లించి, మధ్యలో ఇసుక, కంకరతో వడపోత కట్టాలని మా అసోసియేషన్‌ను అడగబోతున్నాను. ప్లంబరు అంచనా సిద్ధంగా ఉంది. వచ్చే సమావేశంలో తాళం చెవితో పాటు అదీ బల్ల మీద పెట్టమంటాను.