రెండు గంటలే కదా!

పెరటి తలుపు తీయగానే తేడా తెలిసిపోయింది. చప్పుడు లేదు. మూడేళ్లుగా పగలూ రాత్రీ వినిపించే ఎయిర్ పంపు గురగుర, గులకరాళ్ల మీద నీళ్లు పడే జలజల, రెండూ లేవు. చేపల నీళ్లే మొక్కలకి, మళ్లీ చేపలకి తిరిగే నా ఆక్వాపోనిక్స్ తొట్టి దగ్గరికి పరిగెత్తాను. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అన్నీ అంటే, బతికున్నవన్నీ. పద్నాలుగు వెల్లకిలా తేలుతున్నాయి.

కరెంటు పోయిందేమో అనుకున్నాను. పోలేదు. వరండాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫ్యాను కింద మంచం, మంచం మీద మా ఆడపడుచు భర్త, ఆయన తలగడ పక్కన ఫోను. ఫోన్లోంచి వైరు, వైరు చివర స్విచ్‌బోర్డు. ఆ బోర్డులో ఉండాల్సిన నా పంపు ప్లగ్గు నేల మీద పడి ఉంది.

ఫోను మాత్రం వంద శాతం ఛార్జ్ అయింది. చూశాను.

"అన్నయ్యగారూ, ఈ ప్లగ్గు ఎవరు తీశారండీ?" అని అడిగాను. ఆ సమయంలో కూడా 'అండీ' పెట్టాను చూడండి, నా పెంపకం అలాంటిది.

"నేనేనమ్మా. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. పైగా ఆ గురగురకి నిద్ర పట్టి చావలేదు. రెండు గంటలే కదా!"

రాత్రి పదకొండింటికి పడుకున్న మనిషిని నేను ఉదయం ఐదింటికి లేపితే మధ్యలో ఉన్నవి రెండు గంటలు ఎలా అయ్యాయో నాకు అర్థం కాలేదు. మగవాళ్ల గడియారాలు వేరుగా తిరుగుతాయేమో. ఇంట్లో 'ఐదు నిమిషాల్లో వస్తా' అని వెళ్లినవాళ్లు ఎప్పుడొస్తారో మీకు తెలియనిది కాదు.

నేను బకెట్టుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తున్నాను, ఎంతో కొంత గాలి కలుస్తుందని. నైటీ మోకాళ్ల దాకా తడిసిపోయింది. ఆయన మంచం మీద కూర్చుని ఆవలిస్తూ సలహా ఇచ్చారు. "కొర్రమీను పెంచుకోవాల్సిందమ్మా. దానికి పంపూ గింపూ అక్కర్లేదు. పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది." ఒళ్లు మండేదేమిటంటే ఆ మాట నిజం. కొర్రమీను నిజంగానే గాలి పీలుస్తుంది. ప్లగ్గు పీకేసిన మనిషికి చేపల శాస్త్రం మాత్రం తెలుసు.

సరే, రెండు గంటలే అనుకుందాం. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 30 డిగ్రీలకి వస్తే ఏడున్నరే. చేపలు హాయిగా ఉండాలంటే 5కి తగ్గకూడదు. అంటే వేడి రోజుల్లో పంపు బాగా తిరుగుతున్నప్పుడు కూడా నా దగ్గర ఉన్న మిగులు లీటరుకి రెండున్నర మిల్లీగ్రాములు. దాన్నే ముప్పై రెండు చేపలు పంచుకోవాలి, మొక్కల వేళ్లు పంచుకోవాలి, రాళ్లకి అంటుకున్న బాక్టీరియా పంచుకోవాలి. పంపు ఆగిందంటే పైనుంచి జమ ఆగిపోయి ఖర్చు మాత్రం సాగుతుంది. ముందు పోయేవి పెద్ద చేపలు. నా తొట్టిలోనూ అదే జరిగింది. వేలెడంత పిల్లలు ఇంకా ఈదుతున్నాయి. నెత్తి మీద నారింజ మచ్చ ఉన్న నా పెద్ద కోయి చేప, మొదటి రోజు నుంచీ ఉన్నది, మేత డబ్బా మూత చప్పుడుకే మూలకి వచ్చేసేది, అది పోయింది.

పోయినవాటితో కథ అయిపోతే బాగుండును. చేప వదిలేది అమ్మోనియా, ఎక్కువగా మొప్పల్లోంచి. అది విషం. దాన్ని నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. దాన్ని నైట్రోస్పైరా లాంటివి నైట్రేట్‌గా మారిస్తే అప్పుడు మొక్కలు తాగుతాయి. మొత్తం ఆక్వాపోనిక్స్ అంటే ఇంతే, చేపకీ మొక్కకీ మధ్య కంటికి కనపడని పనివాళ్లు. వాళ్లకీ గాలి కావాలి. అమ్మోనియా రూపంలో ఉన్న ఒక గ్రాము నైట్రోజన్ నైట్రేట్‌గా మారాలంటే నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అన్నయ్యగారు చేపలతో పాటు వాళ్ల గొంతు కూడా నొక్కేశారు. సాయంత్రం టెస్ట్ కిట్ తీసి చుక్కలు వేశాను. పసుపుపచ్చగా ఉండాల్సిన నీళ్లు ఆకుపచ్చకి తిరిగాయి. అమ్మోనియా. ఇక ఈ వారమంతా మేత బందు, రోజూ కొంత నీళ్లు మార్చడం, రోజూ చుక్కలు, రోజూ టెన్షన్.

ఇదంతా ఆయనకి చెప్పాను. వింటూ వింటూ ఏమన్నారో తెలుసా? "అదేంటమ్మా, దానంతట అదే నడుస్తుందని వీడియోలో చెప్పారుగా?"

ఆ వీడియో నేనూ చూశాను. మీరూ చూసే ఉంటారు. మల్లెపువ్వు లాంటి తెల్ల చొక్కా వేసుకున్న కుర్రాడు, చొక్కా మీద మట్టి మరక లేదు, నీటి చుక్క లేదు. మట్టి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, కలుపు తీయక్కర్లేదు, అంతా ఆటోమేటిక్! ఈరోజు చేపల్ని వదలండి, నెలలో ఆకుకూర కోసుకోండి! వర్జిన్ ఐలాండ్స్ యూనివర్సిటీలో జేమ్స్ రాకోసీ బృందం ఏళ్ల తరబడి మేత తూకం వేసుకుంటూ కూర్చుంటే, నీళ్లలో తేలే తెప్పల మీద పెంచే మొక్కలకి చదరపు మీటరుకి చేపలకి రోజూ 60 నుంచి 100 గ్రాముల మేత వేయాలన్న లెక్క తేలింది. మన తెల్ల చొక్కా బాబు ముప్పై సెకన్లలో తేల్చేశాడు. వెనక పాట కూడా పెట్టాడు.

వాడి మాట నమ్మి మా పిన్ని కూతురు కుళాయి నీళ్లు నింపిన రోజే యాభై చేపల్ని వదిలింది. నాలుగో రోజు ఫోన్, "అక్కా, అన్నీ చచ్చిపోతున్నాయే" అని. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని ఆ చొక్కా చెప్పలేదు. కుళాయి నీళ్లలో కలిపేది క్లోరిన్ అయితే ఒకటి రెండు రోజులు నీళ్లు నిలవ ఉంచితే పోతుంది, క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమీన్ అయితే అలా పోదు, అదీ చెప్పలేదు. చెబితే లైకులు రావు మరి.

ఏమిటండీ దానంతట అదే నడిచేది? ఆ బాక్టీరియా పనిచేస్తున్న కొద్దీ నీళ్లు పులుపెక్కుతాయి, పీహెచ్ కిందికి జారుతుంది. నేను ఒకసారి సున్నం, ఒకసారి పొటాషియం బైకార్బొనేట్, చిటికెలతో కొలిచి వేస్తూ దాన్ని ఏడు దగ్గర పట్టి ఉంచుతాను. చేపల మేతలో ఇనుము మొక్కకి చాలదు, కొత్త చిగుళ్లు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కితే అదీ చూసుకోవాలి. ఆకంతా పసుపెక్కడం ముదురాకుల్లో మొదలైతే గొడవ వేరు, నైట్రోజన్ తక్కువైందేమో చూడాలి. పైపులో బురద తీయాలి. రాళ్లలోంచి నీళ్లు కిందికి దింపే గొట్టం, సైఫన్, దాంట్లోకి మొక్కల వేళ్లు దూరితే చెయ్యి పెట్టి లాగాలి. అన్నట్టు గులకరాళ్లు తెచ్చేముందు నాలుగు రాళ్ల మీద వెనిగర్ చుక్క వేసి చూడండి, నురగ వస్తే సున్నపురాయి ఉన్నట్టు, పీహెచ్ మీ మాట వినదు. ఇది ఇప్పుడెందుకు చెబుతున్నానో నాకే తెలీదు. కోపంలో ఉన్నాను.

ఇంకో మాట కూడా కోపంలోనే చెప్పేస్తాను. ఈ సస్టెయినబుల్ అన్న ముక్క వింటేనే ఈమధ్య చిరాకు వస్తోంది. నా తొట్టి ప్లాస్టిక్. పైపులు ప్లాస్టిక్. పంపు ఇరవై నాలుగు గంటలూ కరెంటు తాగుతుంది. చాలా రకాల మేతలో సముద్రంలో పట్టిన చేపల పొడి ఉంటుంది. సముద్రంలో చేపని పట్టి, పొడి చేసి, నా పెరట్లో చేపకి పెట్టి, నేను భూమిని కాపాడుతున్నానని ఫోటో పెట్టుకోవాలట! నీళ్ల విషయంలో మాత్రం ఒప్పుకుంటాను. ఒకే నీళ్లు తిరుగుతుంటాయి, ఆవిరైనంత, మొక్కలు తాగినంత పోస్తే చాలు. ఎవరైనా మొక్కలు పెంచాలని అడిగితే నేను ముందు మట్టిలోనే పెట్టుకోమంటాను. మట్టి ఒక పూట మర్చిపోయినా క్షమిస్తుంది. తొట్టి క్షమించదు, ఇవాళ చూశారుగా.

మరి నువ్వెందుకు పెట్టావే అంటారా? ఇష్టం. అంతే. ఉదయాన్నే ఆ చప్పుడు వింటూ పది నిమిషాలు కూర్చుంటే నాకు బాగుంటుంది. దానికి భూగోళాన్ని సాక్ష్యం పిలవాలా?

అసలు ఇంకో మాట ఉంది, దానంతట అదే నడవడం కన్నా నన్ను ఎక్కువ పొడిచేది. మీలో మొక్కలు పెంచే ఆడవాళ్లందరూ విని ఉంటారు. "నీ హస్తవాసి మంచిదమ్మా, ఏం పెట్టినా బతుకుతుంది." వినడానికి ఎంత కమ్మగా ఉంటుందో! పాతికేళ్లుగా వింటున్నాను. వాసి చేతిలో ఉందట. ఉదయం ఐదింటికి లేచేది చెయ్యి ఒక్కటేనా? చలిలో నీళ్లలో చెయ్యి పెట్టి సైఫన్ శుభ్రం చేసుకునేది మరి ఎవరు? ఆకు వెనక పేనుబంకని వేలితో తుడిచి తుడిచి మెడ పట్టేసేది ఎవరికి? చచ్చిపోయిన మొక్కలన్నీ చూపిస్తే నా హస్తవాసి ఏమిటో తెలుస్తుంది, కుండీలు కుండీలు చంపాను. చంపి నేర్చుకున్నాను. ఆ ముక్క ఎవరికీ అక్కర్లేదు. అదృష్టం అనేస్తే వాళ్లకి తేలిక, ఒక బిందె నీళ్లు మోసే పని తప్పుతుంది.

ఈ అన్నయ్యగారు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ మాట అంటారు. అని, నేను కోసిచ్చిన పుదీనా కట్ట బ్యాగులో పెట్టుకుంటారు.

ఇప్పుడు అసలు కథ చెప్పనా? ఐదేళ్ల కిందట ఇదే మనిషి. నేను పది రోజులు ఊళ్లో లేను. పెరట్లో గోడ వారగా రెండేళ్లుగా ఎండుటాకులు పోగేసుకుంటున్నాను, ఆకుల ఎరువు కోసం. మామూలు కంపోస్టు కాదిది, వంటింటి చెత్త కలిపేది కాదు. ఉత్త ఆకులు. శిలీంధ్రాలు నెమ్మదిగా తింటాయి, ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. తడి ఆరకుండా చూసుకోవడం తప్ప చేసేదేమీ లేదు, ఓపిక పట్టడమే. వెళ్లేముందు చెయ్యి పెట్టి చూశాను. పైన నాలుగు వేళ్ల మందం ఇంకా ఆకులే, కింద మాత్రం నల్లగా, మెత్తగా, పిండితే స్పాంజిలా నీళ్లు వదిలేది. అడవి నేల వాసన. ఇంకో నెల ఆగితే నారుమళ్లకి వేసుకోవచ్చు అనుకుని వెళ్లాను.

తిరిగొచ్చేసరికి గోడ వారగా నల్లటి గుండ్రం. గోడకి మసి. పక్కనున్న కరివేపాకు చెట్టు ఒక వైపంతా మాడిపోయి ఉంది.

"పెరడంతా శుభ్రం చేశానమ్మా. చెత్త ఎంత పేరుకుపోయిందో! తగలబడడానికి రోజంతా పట్టింది, లోపల తడి."

రెండేళ్లు నేను తడి ఆరకుండా కాపాడుకున్నది ఆయనకి తగలబెట్టడానికి అడ్డమొచ్చింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి చీపురు పట్టడం ఎంత గొప్ప! మా ఆడపడుచైతే, "మా ఇంట్లో గ్లాసు కూడా తీయరు వదినా, మీ ఇంటికొస్తేనే ఇంత ఉత్సాహం" అని మురిసిపోయింది. నేను బూడిదలో కర్ర పెట్టి కెలుకుతూ కూర్చున్నాను. అడుగున ఎక్కడో అరచెయ్యంత కాలకుండా మిగిలింది, అందులో రెండు వానపాములు. వాటిని కుండీలోకి మార్చాను. మా వారు వచ్చి భుజం మీద చెయ్యి వేసి అన్నారు, "పోనీలే, ఆకులే కదా."

ఇవాళ ఉదయం పద్నాలుగు చేపల్నీ నిమ్మచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడుస్తుంటే మళ్లీ వచ్చారు. అదే చెయ్యి, అదే భుజం. "పోనీలే, చేపలే కదా, కొత్తవి తెద్దాం."

నేనేమీ అనలేదు. మూడేళ్ల కోయిని కొత్తది ఎలా తెస్తారో మాత్రం ఆయన్నే చెప్పమన్నాను. ఆయన పేపరు వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయారు.

కామెంట్లలో ఎవరో ఒకరు రాస్తారు, బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోవాల్సింది అని. ఉంది. కరెంటు పోతే దానంతట అదే ఆన్ అవుతుంది, ఇదొక్కటి నిజంగానే దానంతట అదే. కానీ అది కనిపెట్టేది కరెంటు పోవడాన్ని. అన్నయ్యగారు రావడాన్ని కనిపెట్టే మిషన్ ఇంకా రాలేదు.

మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. పంపుకి ప్లగ్గే లేకుండా తీయించేసి, వైరు పైపులో వేయించి, గోడ పైన మూత ఉన్న పెట్టెలోకి కలిపించాను. స్టూలు ఎక్కితే గానీ అందదు. ఆ స్టూలు కూడా ఇప్పుడు నా గదిలో ఉంది.

అన్నయ్యగారు ఆదివారం దాకా ఉంటారట. ఉదయం జరిగినదానికి మనసుకి కష్టంగా ఉందని, ఏదైనా సాయం చేస్తానని, ఇందాకటి నుంచీ చీపురు ఎక్కడుందని అడుగుతున్నారు.