ప్యాకేజీ టూరులో వచ్చే జ్ఞానోదయం సామికి

సామీ,

తిరుపతి నుంచి రాస్తున్నాం. ముక్తినాథ్, పశుపతినాథ్ ప్యాకేజీలో టిఫిను, రెండు పూటలా భోజనం, ఏసీ బస్సుతో పాటు తమరు కూడా వస్తారని కరపత్రంలో ఎక్కడా వేయరు. అయినా తమరు తప్పకుండా వస్తారు. ఖాట్మండు పక్కనే ఉన్న భక్తపూర్‌లో, కుమ్మర్ల చౌకు దగ్గర బస్సు దిగిన ఇరవై నిమిషాల్లోపే.

ఎండలో వరసగా మట్టి గిన్నెలు, ఓ మూల కుండలు కాల్చే, గడ్డి కప్పిన ఆవం, కుమ్మరి చక్రం, అదే సారె, మీదికి వంగిన ఒక పెద్దాయన. మావాళ్ళ గుండె కరగడానికి అంతకంటే ఏం కావాల? "చూడబ్బా, ఏమీ లేకపోయినా ఎంత నెమ్మదిగా ఉండారో! మనం ఇంట్లో ఫ్రిజ్జు పెట్టుకుని కూడా సణుగుతా ఉంటాం" అంటారు. ఒక ఫోటో, ఒక స్టేటస్సు. ఫ్యామిలీ గ్రూపులో వరసగా దండాలు.

ఆ "ఏమీ లేని" ఆయన దగ్గర ఏముందో తమరు ఒకసారి వంగి చూసుండాల్సింది. ఖాట్మండు లోయ ఒకప్పుడు పెద్ద చెరువు. దాని అడుగున పేరుకున్న నల్లటి జిగట మట్టే ఆయన సరుకు. దాన్ని తెచ్చి, నానబెట్టి, రాళ్ళేరి, కాళ్ళతో తొక్కితొక్కి ఒకే మెత్తదనానికి తేవాలి. ఎక్కడైనా గాలి బుడగ మిగిలితే సారె మీద గోడ లేపేటప్పుడు సరిగ్గా అక్కడే చెయ్యి జారుతుంది. ఇక ఆ సారె కొన్నిచోట్ల పాత లారీ టైరులో సిమెంటు పోసి చేసుకున్నది. బరువంతా అంచున ఉంటుంది కాబట్టి కర్రతో నాలుగు తిప్పులు తిప్పి వదిలితే చాలాసేపు తనంతట తానే తిరుగుతుంది. పక్కనే మోటారు సారె కూడా ఉంటుంది. ఫోటోకి బాగుండదని మావాళ్ళు దాన్ని తప్పించి తీస్తారు, అది వేరే సంగతి.

ఆయన మాట్లాడకుండా ఉండేది ధ్యానంలో ఉండి కాదు సామీ. ముద్ద సరిగ్గా నడిమధ్యకు రాకముందే బొటనవేలు దించితే ఒక పక్క గోడ లావు, ఇంకో పక్క సన్నం అవుతుంది. అది ఆరేటప్పుడు ఎటూ చీలుతుంది. అందుకే నోరు మూసుకుని, మోచేతులు తొడలకు ఆనించి, మట్టిని అదుముతున్నాడు. అప్పుడే మావాళ్ళు వెళ్ళి "హ్యాపీయా?" అని అడుగుతారు.

ఆరి, కాలి బయటికి వచ్చేసరికి ఇలాంటి మట్టి పదోవంతు దాకా కుంచించుకుపోతుంది. 10 అంగుళాల కుండ కావాలంటే సారె మీద 11 అంగుళాలు లేపాలి. మూతలు కూడా చేసే వాడికి ఈ లెక్క చేతివేళ్ళలోనే ఉండాలి, లేకపోతే కుండకు మూత పట్టదు.

చౌకులో గిన్నెలు అలా పరిచింది తమరి రీలు కోసం కాదు. పచ్చి గిన్నెను నేరుగా ఎండలో పెడితే అంచు ముందుగా ఆరి బిగుసుకుంటుంది, అడుగు తడిగానే ఉంటుంది. బిగుసుకున్నది లాగుతుంది, తడిది కదలదు, నడుమ పగులిస్తుంది. అందుకే ముందు నీడ, తరవాత ఎండ, మధ్యమధ్యలో తిప్పడం, బోర్లించడం. వాన మొగులు కమ్మిందంటే ఇంటిల్లిపాదీ వీధిలోకి ఉరకాలి.

ఆవం సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అడుగున గడ్డి, దాని మీద కుండలు, సందుల్లో గడ్డి, మళ్ళీ కుండలు, అన్నిటి మీదా మందంగా గడ్డి, ఆపైన బూడిద. ఆ బూడిద దుప్పటి లాంటిది. మంటను పైకి లేవనివ్వదు, ఆరిపోనివ్వదు, లోలోపలే రోజుల తరబడి కాలనిస్తుంది. ఎక్కడైనా బెజ్జం పడితే గాలి దూరి అక్కడ భగ్గుమంటుంది, ఆ పక్క కుండలు పోయినట్టే. మట్టిలో తడి మిగిలుంటే ఆవిరై పేలుతుంది, పేలింది ఊరికే పోదు, పక్కదాన్నీ పట్టుకుపోతుంది. వేడి సుమారు 600 డిగ్రీలు దాటకపోతే చూపుకు కుండే, నీళ్ళు పోస్తే బురద. చల్లారక ముందే ఆత్రపడి తీస్తే కంటికి కనపడని గీత పడుతుంది. వేలి కణుపుతో కొట్టి చూస్తే తెలుస్తుంది. మంచిది ఖంగుమంటుంది, గీత పడింది డొక్కుగా పలుకుతుంది.

ఇవన్నీ దాటి వచ్చిన కుండకు ఆయన 150 నేపాలీ రూపాయలు చెబుతాడనుకుందాం. ఇందాక కరిగిన గుండె ఇక్కడ గడ్డకడుతుంది. "నూరుకిస్తావా?" మన 100 రూపాయలకు వాళ్ళవి 160. 1993 నుంచి మారకం ఇదే. కాబట్టి ఆ బేరంలో మిగిలింది మన లెక్కలో 31 రూపాయలు. ఈ ఘనకార్యాన్ని రాత్రి దాకా బస్సులో చెప్పుకుంటుంటే తమరు ఏ సీటు కింద దాక్కుంటారో మాకు అంతు చిక్కదు.

ఆ ఊళ్ళోనే జుజు ధౌ తింటారు. అక్కడి నేవారీ భాషలో జుజు అంటే రాజు, ధౌ అంటే పెరుగు. గేదెపాలు బాగా మరగ్గాచి, గోరువెచ్చగా ఉండగా మట్టి గిన్నెలో పోసి తోడేసి, వెచ్చగా కప్పిపెడతారు. కాలిన మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి. పెరుగులోని నీటిని గిన్నె పీల్చేసుకుంటుంది కాబట్టి పెరుగు గడ్డలా నిలుస్తుంది. అవే పాలు, అదే తోడు స్టీలు గిన్నెలో వేస్తే పైన నీళ్ళు తేలతాయి. మావాళ్ళు రెండేసి గిన్నెలు లాగించి, "మన పక్క ఇలాంటిది యాడ దొరుకుతుంది?" అంటారు.

అనేది ఎవరు? తిరుపతివాళ్ళు! తొండమాన్ చక్రవర్తి బంగారు పూలకంటే కురువనంబి అనే కుమ్మరి మట్టి పూలే స్వామికి నచ్చాయని పిల్లలకు కథ చెప్పే ఊరు. కులశేఖర పడి, అంటే గర్భగుడి గడప, దాటి లోపలికి వెళ్ళే నైవేద్యం ఓటికుండలో పెట్టిన పెరుగన్నమే అని గర్వంగా చెప్పుకునే ఊరు. గంగజాతర చివర గంగమ్మ విశ్వరూపం బొమ్మ మట్టి పిడికెడు దొరికితే చాలని ఒకరినొకరు తోసుకునే ఊరు. చిత్తూరు నుంచి బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాటు ఎక్కితే పలమనేరు, మట్టి పనికి పేరున్న చోటు. అదే సారె, అదే ఆవం, అవే పగుళ్ళు. అక్కడ మాత్రం తమరు బస్సు దిగరు. ఆర్టీసీలో జ్ఞానోదయానికి సీటు లేదు కాబోలు. పాస్‌పోర్టు అడగరని చిన్నచూపు అనుకుందామంటే, నేపాలుకూ మనకు ఓటరు కార్డు చాలు.

ఇక తమరి ప్రభావంతో ఇంటికి వచ్చిన కుండ గురించి ఒక్క మాట. ముచ్చటగా ఉందని పూలు, నెమళ్ళు వేసి ఎనామిల్ పూసింది కొంటారు. కుండలో నీళ్ళు చల్లబడేది బయటికి చెమర్చిన తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోవడం వల్ల. రంగు పూస్తే చెమర్చదు, చెమర్చని కుండ ప్లాస్టిక్ బిందెతో సమానం. మామూలు కుండనైనా గాలి ఆడే చోట, తడి ఇసుక మీద పెట్టాలి. బీరువా సందులో ఇరికిస్తే మే నెలలో కాదు కదా, మార్గశిరంలో కూడా దాని పని అది చేయలేదు. కొత్తదాన్ని ఒక రోజు నీళ్ళలో నానబెట్టాలి. బోరు నీళ్ళ సున్నం పేరుకుని రంధ్రాలు పూడితే సబ్బు పెట్టకూడదు, సబ్బును కూడా మట్టి తాగుతుంది. రాళ్ళుప్పు, కొబ్బరి పీచుతో రుద్ది ఎండలో పెడితే సరి. ఇంత చేసే ఓపిక ఎవరికుంది? వారం తిరక్కముందే ఆ కుండలో టీవీ రిమోట్లు, కరెంటు బిల్లులు చేరతాయి.

సరిగ్గా అదే వారంలో, మధ్యాహ్నం పూట గంట సేపు కరెంటు పోతే, "ఛీ, ఇదీ ఒక ఊరేనా!" అని కేక వినిపిస్తుంది. తమరు అప్పటికే వెళ్ళిపోయుంటారు. ఫ్రిజ్జు తలుపు మీద భక్తపూర్ బొమ్మ అయస్కాంతం మాత్రం ఉంటుంది.

వచ్చే నెల బాలి ప్యాకేజీ అంట. అక్కడ మాస్ అని కొయ్య చెక్కేవాళ్ళ ఊరు ఉంది. తమరికి ఇరవై ఐదు నిమిషాలు కేటాయించారు, షాపింగుతో కలిపి.

ఇట్లు,
కుండ నీళ్ళు తాగే కొందరు తిరుపతివాళ్ళు