సర్జన్ పేరు అడుగుతాం, మత్తు డాక్టరు పేరు అడగం

కర్నూలు గాయత్రి ఎస్టేట్‌లో ఆస్పత్రుల ముందు నిలబడి చూడండి. ఆపరేషన్లు చేసే డాక్టర్ల పేర్లు, డిగ్రీలు బోర్డుల మీద పెద్ద అక్షరాలతో ఉంటాయి. మత్తు డాక్టరు పేరు మాత్రం వెతికితే తప్ప కనిపించదు. ఆదోని నుంచో, ఆళ్లగడ్డ నుంచో వచ్చే కుటుంబాలు సర్జన్ హస్తవాసి గురించి పదిమందిని వాకబు చేస్తాయి, మత్తు ఎవరిస్తారని మాత్రం అడగవు. బల్ల మీద ఉన్నంతసేపూ ఊపిరి, గుండె, బీపీ కనిపెట్టుకుని ఉండేది ఆ డాక్టరే. అందుకే ఈ ఏమరుపాటు చూస్తే నాకు భయం.

మత్తంటే నిద్రపుచ్చడమేనని చాలామంది అనుకుంటారు. మామూలుగా నీటిచుక్క దారి తప్పితే పొలమారి దగ్గుతాం. పూర్తి మత్తులో ఆ దగ్గు రాదు. కడుపులో ఉన్నది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దాంతోపాటు పోయే యాసిడ్ వాటిని దెబ్బతీస్తుంది. ఖాళీ కడుపుతో రమ్మనేది ఇందుకే. ఇడ్లీ లాంటి తేలిక తిండికి 6 గంటలు, బజ్జీలకూ మాంసానికీ 8, తల్లిపాలకు 4, మంచినీళ్లకు 2 గంటల ఎడం ఉండాలి. పాలు పోసిన టీ తిండి కిందే లెక్క.

హెర్నియా ఆపరేషన్‌కు తెచ్చిన మూడేళ్ల పిల్లోడు ఆకలికి ఏడుస్తుంటే అవ్వ మనసు ఊరుకుంటుందా? పాలలో బిస్కెట్ ముంచి కొంగుచాటున పెడుతుంది. థియేటర్ తలుపు దగ్గర "ఏమన్నా పెట్టినారామ్మా?" అంటే "ఏం పెట్టలే సార్" అంటుంది, ఆపరేషన్ ఆపేస్తారేమోనన్న టెన్షన్‌తో. ఆమెను తప్పుపట్టలేను. పెట్టొద్దన్నవాళ్లు ఎందుకో చెప్పి ఉండరు. మధ్యాహ్నం కేసుకు రాత్రి నుంచే నీళ్లు కూడా మాన్పించి పసివాణ్ణి మాడ్చడం మరీ అన్యాయం. కారణం చెప్పి, నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో చెబితే అవ్వే కాపలా కాస్తుంది.

దాచకూడనివి ఇంకా ఉన్నాయి: రక్తం పలచబడే మాత్రలు, ఆయాసం, గురక, బీడీలు, ఊగే పన్ను, గతంలో మత్తు పడకపోవడం.

సిజేరియన్‌కు వెన్నుకు వేసే సూది వల్లే జీవితాంతం నడుంనొప్పి అన్న నమ్మకం ఊరూరా ఉంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం పైభాగంలోనే ముగుస్తుంది, సూది దానికి కింద గుచ్చుతారు. కొందరికి కొన్నాళ్లు తలనొప్పి వచ్చే మాట నిజం. ఏళ్ల తరబడి నడుంనొప్పికి ఆ సూదే కారణమన్నది మాత్రం రుజువు కాలేదు. చాలామంది గర్భిణులకు పూర్తి మత్తు కన్నా ఇదే క్షేమం.

1846లో బోస్టన్‌లో ఈథర్‌తో మత్తిచ్చి అందరి ముందు ఆపరేషన్ చేసి చూపించారు. తర్వాత క్లోరోఫాం వచ్చింది. ఇచ్చేటప్పుడు నాడి చూడాలా, ఊపిరి చూడాలా అన్న గొడవ తేల్చడానికి 1888, 1889లో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లోనే రెండు కమిషన్లు పనిచేశాయి. ఇప్పుడు రెండూ చూడాల్సిందే. వేలికి పెట్టే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ చెబుతుంది. కానీ ఊపిరి ఆగినా ఆ అంకె వెంటనే పడిపోదు. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ నాలుగైదు శ్వాసల్లోనే హెచ్చరిస్తుంది. పూర్తి మత్తు ఇచ్చే ప్రతి థియేటర్‌లో అది ఉండి తీరాలి, చిన్న నర్సింగ్ హోం అయినా సరే.

యంత్రం మోగితే చూసే మనిషి కూడా ఉండాలి కదా. చిన్న ఆస్పత్రులకు మత్తు డాక్టర్లు పిలుపు మీద వస్తారు, అందులో తప్పు లేదు. రోగి తేరుకోకముందే ఇంకో ఆస్పత్రికి పరుగెత్తడాన్ని మాత్రం ఒప్పుకోకూడదు. జిల్లా వైద్యాధికారులు తనిఖీలకు వెళ్లినప్పుడు రిజిస్టర్‌లో మత్తు డాక్టరు వచ్చిన సమయం, వెళ్లిన సమయం చూడాలి. మత్తుకు విడిగా అంగీకారపత్రం, అదీ తెలుగులో, డాక్టరు పేరుతో ఇవ్వాలి. సంతకం పెట్టే ముందు ఆ డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడించమని మనమూ గట్టిగా అడగాలి.